గొట్టం ఉండగానే నోటికి పని

"ఇంగా పైపేనామ్మా పాపకి?" ప్యాపిలి బస్టాండులో కర్నూలు బస్సు కోసం నిలబడ్డ తల్లిని ఎవరో ఒకరు ఇలా అడగకుండా ఉండరు. అందులో జాలి ఉంటుంది, కాస్త నింద కూడా ఉంటుంది. చంకలో బిడ్డ, బిడ్డ ముక్కులోంచి సన్నటి గొట్టం, అది జారకుండా చెంప మీద ప్లాస్టరు, సంచిలో సిరంజి, ఫ్లాస్కులో పాలు. పుట్టగానే ఏడవని బిడ్డ కావచ్చు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కావచ్చు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ కావచ్చు. మింగడం రాని పిల్లలకు ఆసుపత్రిలో వేసిన గొట్టం వాళ్లతోపాటే ఇంటికీ వస్తుంది.

అడిగేవాళ్ల మనసులోనూ, జవాబు చెప్పలేక తల దించుకునే తల్లి మనసులోనూ ఒకటే లెక్క. ముందు గొట్టం పోవాలి, ఆ తర్వాత బిడ్డ బువ్వ తినడం మొదలుపెట్టాలి. ఆ వరస తిరగబడాలి. నోటికి పని గొట్టం ఉండగానే చెప్పాలి. గొట్టం తీసేయడం ఆ పనిలో ఆఖరి మెట్టు, కొందరు పిల్లల విషయంలో ఎక్కనక్కర్లేని మెట్టు కూడా.

మన ఆసుపత్రుల్లో నర్సులు 'రైల్స్ ట్యూబ్' అని పిలిచే ముక్కు గొట్టానికి ఆ పేరు జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ అనే ఇంగ్లండు వైద్యుడి వల్ల వచ్చింది. 1921లో ఆయన దాన్ని తయారుచేసింది జీర్ణాశయంలోని రసాలను పరీక్ష కోసం బయటికి తీయడానికి. ఆహారం లోపలికి పంపే పని దానికి తర్వాత అంటుకుంది. ఇక పొట్ట గోడకు చిన్న రంధ్రం చేసి, ఎండోస్కోపు సాయంతో నేరుగా జీర్ణాశయంలోకి గొట్టం అమర్చే పద్ధతి పుట్టిందే ఒక పసిబిడ్డ కోసం. 1979 జూన్‌లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైఖేల్ గాడరర్, జెఫ్రీ పాన్‌స్కీ అనే వైద్యులు నాలుగున్నర నెలల బిడ్డకు పొట్ట పెద్దగా కోయకుండా దాన్ని అమర్చారు. ఇవాళ పెగ్ అని పిలిచేది దాన్నే. ముక్కు గొట్టం కొన్ని వారాల అవసరానికి. నాలుగు నుంచి ఆరు వారాలు దాటి అవసరం ఉంటుందనిపిస్తే పొట్ట గొట్టం సంగతి ఆలోచించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర మాత్రం ముక్కు గొట్టాన్నే మార్చి మార్చి వేస్తూ నెలలు నెట్టుకొచ్చే ఇళ్లున్నాయి. పొట్టకు రంధ్రం అనగానే ఇంట్లో పెద్దలు హడలిపోతారు. "ఇంగ పిల్ల జన్మలో తినదా?" అని అవ్వ ఏడుపు అందుకుంటుంది. జరిగేది చాలాసార్లు దానికి విరుద్ధం. ముక్కూ గొంతూ ఖాళీ అవుతాయి, చెంప మీద ప్లాస్టరు పోతుంది, మింగేటప్పుడు గొంతులో అడ్డు ఉండదు. నోటితో తినడం నేర్పడానికి అదే మంచి అదను.

నోటికి పని ఎందుకు ఆపకూడదో చెప్పడానికి టామ్ లిటిల్ అనే అమెరికన్ కథ పనికొస్తుంది. 1895లో, తొమ్మిదేళ్ల వయసులో, అతను సలసల కాగే సూపు గబుక్కున మింగాడు. అన్నవాహిక కాలి మూసుకుపోయింది. పొట్టకు చేసిన రంధ్రంలోంచే ఆహారం వేసుకుంటూ పెరిగి పెద్దవాడై, ఉద్యోగం చేసుకుని సంసారం నడిపాడు. స్టువార్ట్ ఉల్ఫ్, హెరాల్డ్ ఉల్ఫ్ అనే ఇద్దరు వైద్యులు అతని జీర్ణాశయాన్ని నెలల తరబడి గమనించి 1943లో ఏకంగా ఒక పుస్తకం వేశారు. టామ్ ఏనాడూ అన్నం నేరుగా పొట్టలోకి వేసుకుని ఊరుకోలేదు. ముందు నోట్లో పెట్టుకుని నమిలి, రుచి తెలిశాక గరాటులోకి ఉమ్మి, అప్పుడు లోపలికి పంపేవాడు. అలా చేయకపోతే అతనికి తిన్నట్టే ఉండేది కాదు.

ఇంకో కథ ఇంతకంటే లోతైంది. 1950లలో అమెరికాలోని రోచెస్టర్ వైద్యులు మోనికా అని మారుపేరు పెట్టిన ఒక పాప, అన్నవాహిక సరిగా ఏర్పడకుండా పుట్టింది. ఇంచుమించు రెండేళ్లు వచ్చేదాకా పొట్ట గొట్టమే ఆధారం. పాలు పోసేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టేవారు, ఒళ్లోకి తీసుకుని పొదువుకునేవారు కాదు. తర్వాత శస్త్రచికిత్స జరిగింది, నోటితో తినడం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. జార్జ్ ఎంగెల్ బృందం ఆమెను పాతికేళ్లకు పైగా గమనిస్తూ వచ్చింది. చిన్నప్పుడు బొమ్మలకు పాలు పట్టినా, పెద్దయ్యాక కన్నబిడ్డలకు పట్టినా ఆమె వాళ్లను గుండెకు హత్తుకోలేదు. తనకు ఎలా పోశారో అలాగే, ఎడంగా పడుకోబెట్టి పట్టింది. గుర్తు ఉండే వయసు కాదది. అయినా ఒళ్లు మరిచిపోలేదు.

కాబట్టి మొదటి మార్పుకు డబ్బు అక్కర్లేదు, డాక్టరు సంతకం అక్కర్లేదు. గొట్టంతో పాలు పోసే వేళను భోజనం వేళగా మార్చాలి. చాలా ఇళ్లలో ఈ పని లోపలి గదిలో, తలుపు దగ్గరగా వేసి జరుగుతుంది. దిష్టి తగులుతుందన్న భయం కొంత, చూసినవాళ్లు ఏమంటారోనన్న బాధ కొంత. ఆ గదిలో వంట వాసన ఉండదు, ఎవరి నోరూ ఆడదు, కంచం చప్పుడు వినబడదు. తినడం అంటే ఏమిటో ఆ పిల్లకు తెలిసేదెలా? మిగతావాళ్లు రొట్టె, పప్పు తినే చోటికే బిడ్డను తీసుకురావాలి. గొట్టంలో పాలు దిగుతుండగా అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. పోపు వాసన ముక్కుకు తగలాలి. కొత్తిమీర, నిమ్మ చెక్క, మాగిన అరటిపండు చేతికిచ్చి పట్టుకోనివ్వాలి, పిసకనివ్వాలి. వేలు చీకే పిల్లయితే చీకనివ్వాలి. నెలలు నిండని శిశువుల్లో, గొట్టంతో పాలు వెళ్తున్నప్పుడే నోటితో ఉత్తినే చీకడం అలవాటైనవాళ్లు గొట్టం నుంచి నోటికి త్వరగా మారతారని పరిశోధనల్లో తేలింది. నోరు ఆడుతుండగా కడుపు నిండితే ఆ రెంటికీ ఉన్న సంబంధం బిడ్డకు అందుతుంది. తేనె మాత్రం ఏడాది లోపు పిల్లల నాలుకకు రాయకూడదు. బాటులిజం అనే జబ్బు ప్రమాదం ఉంది.

మరి తొందర ఎందుకు అంటే, నోటికీ ఒక వయసుంటుంది. గర్భంలో దాదాపు 34 వారాలు నిండేసరికి చీకడం, మింగడం, ఊపిరి తీయడం అనే మూడూ ఒక వరసలో పడతాయి. ఆరేడు నెలలకు నమలడానికి దవడలు సిద్ధమవుతాయి. ఆ అదనులో నోటికి గట్టి పదార్థం తగలకపోతే తర్వాత పిల్లలు దాన్ని ఉమ్మేస్తారని, వాంతి చేసుకుంటారని ఇల్లింగ్‌వర్త్, లిస్టర్ అనే బ్రిటిష్ వైద్యులు 1964లోనే రాశారు. అదను దాటిందంటే తలుపు మూసుకుపోయిందని అర్థం కాదు, కానీ పని ఎక్కువవుతుంది. నెలల తరబడి ముఖానికి అందిన అనుభవం ప్లాస్టరు పీకడం, గొట్టం దూర్చడం మాత్రమే అయిన పిల్ల, చెంచా చూడగానే తల తిప్పుకోవడంలో వింతేముంది? అలాంటి పిల్లకు చెంచాతో మొదలుపెట్టకూడదు. అరిచేతులు, మోచేతులు, భుజాలు, మెడ, చెంపలు దాటుకుంటూ రోజుకు కాసింత మెత్తగా నిమిరి, పిల్ల ఒప్పుకున్నాకే పెదవుల దాకా రావాలి. స్నానానికి ముందు నూనె రాసే వేళ ఇందుకు బాగా కలిసొస్తుంది.

పళ్లు తోమడం సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నోటితో తినని పిల్లకు తోమడం ఎందుకనుకుంటారు. నోటితో తినని పిల్లకే అది ఎక్కువ అవసరం. చొంగ ఊపిరితిత్తుల్లోకి జారినప్పుడు దాంతోపాటు నోట్లోని క్రిములు కూడా పోతాయి, నెమ్ము చేస్తుంది. మెత్తటి బ్రష్షుతోనో, వేలికి చుట్టిన తడిగుడ్డతోనో రోజుకు రెండుసార్లు తుడిస్తే నోరు శుభ్రమవుతుంది, నోట్లో ఏదైనా పెడితే ఓర్చుకోవడం కూడా అలవాటవుతుంది.

ఇక ఆపాల్సిన చోట ఆపడం. ఎవరికైనా పొలమారితే మనవాళ్లు నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని నవ్వేస్తారు. మింగడం సరిగా రాని బిడ్డ విషయంలో పొలమారడం నవ్వుకునే సంగతి కాదు, ఆహారం శ్వాసనాళం వైపు దారి తప్పిందని చెప్పే గుర్తు. దగ్గు ఒక్కటే గుర్తు కాదు. తిన్నాక గొంతులో గరగర, కళ్లలో నీళ్లు తిరగడం, పెదాలు నల్లబడటం, ఊపిరి ఎగపోయడం, ఊరికే జ్వరాలు, పదేపదే నెమ్ము, వీటిలో ఏది కనబడినా నోటి ప్రయత్నం అక్కడికక్కడే ఆపి డాక్టరుకు చూపించాలి. ఇంకా మోసకారిది ఇంకొకటుంది. కొందరు పిల్లలకు దారి తప్పినా దగ్గే రాదు. మెదడు దెబ్బతిన్న పిల్లల్లో ఇది అరుదేమీ కాదు. అందుకే 'మా పాపకు పొలమారదు కదా' అన్న ధైర్యంతో ఇంట్లోనే మొదలుపెట్టేయడం ప్రమాదం. బేరియం కలిపిన ముద్దను మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీసే పరీక్ష ఒకటుంది. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసే పరీక్ష ఇంకొకటి. పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు. పిల్లల వైద్యుడూ, స్పీచ్ థెరపిస్టూ కలిసి చూసి, ఏ మందం పదార్థం ఎంత వరకూ క్షేమమో చెప్పాకే మొదటి చెంచా. స్పీచ్ థెరపిస్టు మాటలు నేర్పేవారే కదా అనుకుంటారు చాలామంది. మింగడం కూడా వాళ్ల చదువులో భాగమే.

కొన్ని ఇళ్లలో మిగిలి ఉన్న ఒక పాత అలవాటు గురించి కటువుగానే చెప్పాలి. బిడ్డను చాపిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడ్చేటప్పుడు నోరు తెరిచిందని ఉగ్గుగిన్నెతో ఆముదమో, కషాయమో, జావో గొంతులోకి వంచుతారు. కొందరు ముక్కు కూడా మూస్తారు. ఇలా పోసిన నూనె ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే నెమ్ము గురించి దక్షిణ భారతదేశం నుంచి 1970లలోనే వైద్య పత్రికల్లో రాశారు. తప్పు గిన్నెది కాదు. పాలు చీకలేని పసికందులకు కూర్చున్న భంగిమలో, పెదవి అంచున ఆనించి, కొద్దికొద్దిగా పట్టడానికి ఇదే గిన్నెను ఆసుపత్రుల్లో నర్సులే వాడతారు. భంగిమ, బలవంతం, ఈ రెండే చేటు చేస్తాయి. పాతికేళ్లుగా పిల్లల్ని పెంచిన అవ్వకు కోడలు ఈ మాట చెబితే చెల్లదు. ఆశా కార్యకర్తతోనో డాక్టరుతోనో చెప్పించడం తెలివైన పని.

కూర్చోబెట్టే తీరు మీద సగం పని ఆధారపడుతుంది. నడుము నిటారుగా, తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర లంబంగా మడిచి, పాదాలు దేనికైనా ఆని, గడ్డం కొద్దిగా కిందికి వంగి ఉండాలి. తల వెనక్కి వాలితే శ్వాసనాళం తెరుచుకుంటుంది, మింగడం కష్టమవుతుంది. పెట్టే మనిషి నిలబడి పైనుంచి పెడితే పిల్ల తల ఎత్తుతుంది, కాబట్టి ఎదురుగా, పిల్ల కళ్లకు సమానంగా కూర్చోవాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం కాన్పూర్‌లోని ఆలింకో సంస్థ ప్రత్యేక కుర్చీలు తయారుచేస్తుంది. బడి చదువుల పథకమైన సమగ్ర శిక్ష శిబిరాల్లో కొలతలు తీసుకుని ఇస్తుంటారు. అది వచ్చేదాకా ఇంటి మూల ఉండనే ఉంది. రెండు గోడలు కలిసే చోట పిల్లను కూర్చోబెట్టి, పక్కల చుట్టిన దుప్పట్లు, పాదాల కింద ఇటుక పెడితే గోడలే భుజాలను ముందుకు తెచ్చి పట్టుకుంటాయి. గొట్టంతో పోసేటప్పుడు కూడా తలవైపు ఎత్తుగా ఉండాలి, పోశాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు.

ఏం పెట్టాలన్న చోట అందరూ ఒకే తప్పు చేస్తారు. ముందు నీళ్లు పట్టి చూద్దాం, నీళ్లేం చేస్తాయిలే అనుకుంటారు. అన్నిటికంటే కష్టమైనవి నీళ్లే. నీళ్లు నోట్లో ఆగవు, నాలుక సర్దుకునేలోపే గొంతులోకి జారిపోతాయి. కాస్త చిక్కగా, ఉండల్లేకుండా, చెంచాలో నిలబడే పదార్థం నాలుకకు సమయమిస్తుంది. అలాగని ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనీ కాదు. బలహీనమైన నాలుకకు మరీ బంక పదార్థం గొంతులో అంటుకుని మిగిలిపోతుంది. ఈ గందరగోళం తీర్చడానికి 2013లో మొదలైన ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ ప్రయత్నం ఆహారాన్ని సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది మెట్లుగా విడగొట్టింది. వంటింట్లోనే చేసుకోగల ఒక పరీక్ష కూడా ఇచ్చింది. గొట్టం ఉన్న ఇంట్లో సిరంజికి కొదవా? సూది లేని పది మిల్లీలీటర్ల సిరంజిలో ముట్టె వేలితో మూసి జావ నింపాలి. వేలు తీసి పది సెకన్లు కారనిచ్చి మళ్లీ మూయాలి. ఒక మిల్లీలీటరు లోపే మిగిలితే అది నీళ్లతో సమానం. ఒకటి నుంచి నాలుగు మిగిలితే కొద్దిపాటి చిక్కదనం, నాలుగు నుంచి ఎనిమిది అయితే ఓ మాదిరి, ఎనిమిది దాటితే బాగా చిక్కన. అసలు కారకపోతే అది చెంచాతో పెట్టే గుజ్జు. గీతల కొలబద్ద 61.5 మిల్లీమీటర్ల పొడవున్న సిరంజికే ఈ లెక్క కుదురుతుంది, స్కేలు పెట్టి చూసుకోవాలి. థెరపిస్టు చెప్పిన మందం రోజూ ఒకేలా వస్తుందో లేదో అవ్వకైనా, చిన్నమ్మకైనా దీంతో తెలిసిపోతుంది.

రాయలసీమ వంటింటికి దీన్ని అన్వయిస్తే ఆసక్తికరమైన సంగతులు బయటపడతాయి. రాగి జావ మంచి మొదలు, కానీ వేడిగా ఉన్నప్పుడు పల్చగా, చల్లారేకొద్దీ చిక్కగా మారుతుంది. పెట్టే వేడిలోనే సిరంజి పరీక్ష చేయాలి. ఎంగిలి చెంచాను మళ్లీ మళ్లీ గిన్నెలో ముంచితే ఉమ్మిలోని ఎంజైము పిండి పదార్థాన్ని విడగొట్టి, చివరికొచ్చేసరికి జావ నీళ్లయిపోతుంది. మొదట్లో బాగా మింగిన పిల్లకు ఆఖర్లో పొలమారడానికి ఇదీ ఒక కారణం. కొద్దికొద్దిగా వేరే గిన్నెలోకి తీసుకుని పెట్టడం మేలు. రాగి సంగటి బలమైన తిండే. అయితే ముద్దను నమలకుండా పులుసులో ముంచి మింగడం మన అలవాటు, అది ఈ పిల్లలకు పనికిరాదు. ఉగ్గానిలో బొరుగులు కొన్ని నాని, కొన్ని పొడిగా ఉంటాయి, కాబట్టి వాటినీ చాలాకాలం దూరం పెట్టాలి. నీళ్లు ఒకపక్క, మెతుకులు ఒకపక్క ఉండే మజ్జిగన్నం, చారన్నం మెత్తగానే కనిపిస్తాయి, నిజానికి నోటికి అన్నిటికంటే కష్టమైన పరీక్ష అవి. ఒకేసారి రెండు రకాలను నాలుక సంబాళించాలి. వేరుశనగ పండే నేల ఇది, ఇంటినిండా గింజలుంటాయి, గింజ మాత్రం పిల్ల చేతికి అందకూడదు. బాగా ఉడికి మెదిపిన పప్పన్నంలో నెయ్యి, ఉడికించి గుజ్జు చేసిన గుమ్మడి, చిలగడదుంప, మెదిపిన అరటిపండు, గట్టి పెరుగు, అంగన్‌వాడీ బాలామృతంతో కాచిన జావ, వీటితో నెలల తరబడి వంటకాలు మార్చవచ్చు. చప్పిడి తిండే పెట్టాలన్న నియమమేదీ లేదు. జీలకర్ర, కాసింత నిమ్మ పులుపు తగిలితే నోరు మేల్కొంటుంది.

మొదటి రోజుల్లో లక్ష్యం కడుపు నింపడం కాదు. చెంచా కొసన అంటిన రుచి, రోజుకు రెండు మూడుసార్లు, పిల్ల హుషారుగా ఉన్న వేళల్లో. పిల్ల నోరు మూస్తే, తల తిప్పితే, ఒళ్లు బిర్రబిగిస్తే ఆ పూటకు చాలు. సెల్‌ఫోన్లో పాట పెట్టి, మైమరచి నోరు తెరిచినప్పుడు చెంచా తోసేయడం చాలా ఇళ్లలో ఆరితేరిన విద్య. దానివల్ల నాలుగు చెంచాలు లోపలికి పోతాయి, నమ్మకం బయటికి పోతుంది. అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ 1980లలో చెప్పిన పంపకం ఇక్కడ పనికొస్తుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్ల పని. పూట అరగంట దాటకూడదు. దాటితే తిన్నదానికంటే అలసటకు ఖర్చయ్యేదే ఎక్కువ.

ఆకలి లేకుండా తినమంటే ఎవరు తింటారు? రెండు గంటలకోసారి గొట్టంలో పాలు పడుతుంటే ఆకలన్న సంగతే పిల్లకు తెలియదు. ఆస్ట్రియాలోని గ్రాట్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పీటర్ షేర్, మార్గరీట్ డునిట్జ్ షేర్ దంపతులు గొట్టానికి అలవాటు పడిన పిల్లల కోసం ఒక పద్ధతిని తీర్చిదిద్దారు. గొట్టపు పాలు తగ్గించి, ఆకలి పుట్టనిచ్చి, నేల మీద రకరకాల ఆహారం పరిచి పిల్లల్ని ఆడుకోనిస్తారు. తినమని ఎవరూ అడగరు. పిల్లలు పిసుకుతారు, పూసుకుంటారు, ఎప్పుడో నోట్లో పెట్టుకుంటారు. వినడానికి సులువుగా ఉంది. కానీ అక్కడ వైద్యులు, థెరపిస్టులు దగ్గరుండి బరువు, నీటి శాతం చూస్తూ చేసే పని అది. మింగడం క్షేమమని తేలిన పిల్లలకే అది వర్తిస్తుంది. ఇంట్లో సొంతంగా పాలు మాన్పించి ఎండగడితే బిడ్డ ప్రాణానికే ముప్పు. మన ఇంటికి అందులోంచి తెచ్చుకోదగ్గవి రెండు. పూటకూ పూటకూ మధ్య ఎడం ఇచ్చి, నోటి ప్రయత్నం గొట్టం కంటే ముందు చేయడం ఒకటి, పిల్లను ఆహారంతో ఆడుకోనివ్వడం రెండోది. గొట్టంలో ఎంత తగ్గించాలో డాక్టరూ డైటీషియనూ చెప్పాలి. అంగన్‌వాడీ తూకంలో వారం వారం బరువు చూసి పుస్తకంలో రాసుకుంటే, వాళ్లకు ఆ లెక్క చెప్పడం సులువవుతుంది.

పొట్ట గొట్టం ఉన్న పిల్లలకు ఇంకో మధ్యదారి ఉంది. ఇంట్లో వండిందే మెత్తగా రుబ్బి, వడగట్టి గొట్టంలో పంపడం. సిన్సినాటి పిల్లల ఆసుపత్రి వైద్యులు 2011లో 33 మంది పిల్లలపై దీన్ని పరిశీలించి రాశారు. డబ్బా పాలకు ఓకరింతలు పడే పిల్లల్లో చాలామందికి అవి తగ్గాయి. ఓకరింత తగ్గిన పిల్లకు నోటి మీద భయం తగ్గుతుంది. సన్నటి ముక్కు గొట్టంలో మాత్రం ఇది పూడుకుపోతుంది. శుభ్రత, మోతాదు డైటీషియన్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఫిట్స్ మందులు, నీళ్లు ఈ రెండూ గొట్టాన్ని ఆఖరున వదిలేవి. గుజ్జు చక్కగా తినే పిల్ల కూడా నీళ్లు తాగలేకపోవచ్చు. ఎండలు 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో అన్నం తింటోంది కదా అని గొట్టం తీయించేస్తే ఒంట్లో నీరు తగ్గి ఆసుపత్రి పాలవుతుంది. ఎండాకాలం దాటాక తీద్దామనుకోవడంలో తప్పేం లేదు. గొట్టం తనంతట తాను ఊడిపోయిందని "ఇంక వద్దులే, దేవుడే తీశాడు" అనుకునే ఇళ్లూ ఉన్నాయి. ఊడిపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. శిక్షణ లేనివాళ్లు ఇంట్లో తిరిగి దూర్చే ప్రయత్నం చేయకూడదు. ఊపిరి గొట్టంలోకి పోతే కోలుకోలేని నష్టం.

కొందరు పిల్లలు పూర్తిగా నోటితో తినే దశకు రారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి తినే శక్తిని ఐదు మెట్లుగా చూపే ఈడీఏసీఎస్ అనే కొలమానం 2014లో వచ్చింది. అందులో ఐదో మెట్టు వారికి నోటితో క్షేమంగా తినడం సాధ్యం కాదు, గొట్టమే ఆధారం. వాళ్లలోనూ కొందరికి డాక్టరు ఒప్పుకుంటే పండగనాడు నాలుక మీద పాయసపు రుచి అందించవచ్చు. ఆ తల్లిదండ్రులు ఓడిపోయినట్టు కాదు. బరువు పెరిగి, నెమ్ము తగ్గి, ఇంట్లో అందరితో కూర్చుని ఉన్న పిల్ల గొట్టంతోనే చాలా దూరం వచ్చింది.

ఎక్కడికి వెళ్లాలి? ప్యాపిలి 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నా, జబ్బు చేస్తే జనం కాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా డోన్ దాటి కర్నూలు పెద్దాసుపత్రి వైపే నడుస్తాయి. దాదాపు 80 కిలోమీటర్లు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికీ అంగన్‌వాడీకీ వచ్చే బృందాలు, ఎదుగుదలలో తేడా ఉన్న 18 ఏళ్ల లోపు పిల్లల్ని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు ఒకచోట ఉండేలా ఆ కేంద్రాలను రూపొందించారు. మండలాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. మింగడం పరీక్షలు లోతుగా కావాలంటే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పిల్లల ఎదుగుదల సమస్యలకు వేరే విభాగమే ఉంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, మానసిక వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తుంది. ఇంతింత దూరాలు తిరగడానికి డబ్బు కావాలి. సదరం వైకల్య ధ్రువపత్రం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మానసిక వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారు చేరవచ్చు. ఆసుపత్రిలో పడుకోకుండా చేయించుకునే థెరపీ ఖర్చులకూ అందులో చోటుంది. దీని గురించి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ.

గొట్టం తీసిన మొదటి ఏడాదిలో జ్వరం, దగ్గు వచ్చినప్పుడల్లా పిల్ల వెనకడుగు వేస్తుంది. నాలుగు రోజులు తినదు, బరువు జారుతుంది. ఒక్కోసారి గొట్టం మళ్లీ వేయాల్సి వస్తుంది. ఇది ముందే తెలిసిన ఇంట్లో అంత కంగారు ఉండదు. పొట్ట గొట్టం ఉన్నవాళ్లయితే వాడకపోయినా కొన్ని నెలలు అలాగే ఉంచమని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఆ తర్వాత బడి. మధ్యాహ్న భోజనంలో పప్పు, గుడ్డు, రాగి జావ ఉంటాయి. ఇన్నాళ్లూ అమ్మ ఒక్కతే పెట్టిన పిల్లకు అక్కడ ఎవరు పెడతారు? చేరిన మొదటి వారంలో తల్లి పక్కన కూర్చుని, వంట చేసే అమ్మకూ, టీచరుకూ చూపించాలి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తరగతి గోడకు అంటించాలి. ఏ మందం జావ పెట్టాలి, గుడ్డును ఎలా మెదపాలి, ఏది అసలు పెట్టకూడదు, ఏ కుర్చీలో కూర్చోబెట్టాలి, నీళ్లు చెంచాతోనా గ్లాసుతోనా, పొలమారితే ముందుకు వంచి ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, 108 ఎప్పుడు పిలవాలి. టీచరు బదిలీ అయితే ఆ కాగితాన్ని కొత్తగా వచ్చినవారికి మళ్లీ చదివి వినిపించాలి.